రోగి పక్కన ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్‌ను ఎలా ఆపాలి: వార్డు మంచం నుంచి ఇంటి వంటగది దాకా

ఒక జబ్బుతో ఆసుపత్రిలో చేరిన మనిషికి అక్కడే ఇంకో జబ్బు అంటుకోవడం అరుదేమీ కాదు. మూత్రం కోసం వేసిన గొట్టం, సెలైన్ ఎక్కించే సూది, ఆపరేషన్ కుట్లు, శ్వాస కోసం గొంతులోకి దింపిన గొట్టం... ఒంట్లోకి వెళ్లే ఈ దారులన్నీ సూక్ష్మజీవులకు కూడా దారులే. వాటిని అక్కడిదాకా మోసుకొచ్చేవి చాలాసార్లు మనుషుల చేతులు. డాక్టరువి కావచ్చు, నర్సువి కావచ్చు, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మీవి కావచ్చు.

రోగికి తోడుగా ఉండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. వార్డులో కొత్తగా పనిలో చేరినవాళ్లకూ పనికొస్తుంది. ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ రెండు ప్రశ్నల మీద నడుస్తాయి. ఈ చెయ్యి ఇప్పటిదాకా దేన్ని ముట్టుకుంది? ఇప్పుడు దేన్ని ముట్టుకోబోతోంది? పని పనికీ మధ్య ఈ రెండు ప్రశ్నలూ వేసుకోవడం అలవాటైతే మిగతాది సులువు.

చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలి

రోజుకు ఎన్నిసార్లు కడిగారన్నదాని కన్నా ఏ పనికీ ఏ పనికీ మధ్య కడిగారన్నదే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రి సిబ్బందికి ఐదు సందర్భాలు చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు. గాయం, సూది, గొట్టం వంటి వాటి దగ్గర శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు. రక్తం, మూత్రం, చీము, కఫం వంటివి తగిలే అవకాశమున్న పని అయ్యాక. రోగిని ముట్టుకున్నాక. రోగి చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్నాక. ఎక్కువమంది మర్చిపోయేది ఆఖరిది. రోగిని తాకలేదు కదా అనుకుని మంచం రెయిలింగు, దుప్పటి, సెలైన్ స్టాండు, కాలింగ్ బెల్లు పట్టుకున్న చేత్తోనే బయటికి వెళ్లి తినేస్తారు. తోడుగా ఉన్నవాళ్లు వీటికి ఇంకో రెండు కలుపుకోవాలి: తినిపించే ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక.

‘మధ్యలో’ అన్న మాట ఎంత బరువైనదో 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో తేలింది. అక్కడి డాక్టర్లు, విద్యార్థులు శవపరీక్షలు చేసి నేరుగా కాన్పు గదికి వచ్చేవాళ్లు. వాళ్లు చేతులు కడుక్కోకపోలేదు, సబ్బుతో కడిగేవాళ్లు. అయినా వాసన పోయేది కాదు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఆ రెండు పనుల మధ్య క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడగడం తప్పనిసరి చేశాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్ నాటికి 2 శాతం దగ్గరికి దిగాయి. సూక్ష్మజీవుల వల్లే ఇలాంటి రోగాలు వస్తాయని వైద్యలోకం అప్పటికి ఇంకా ఒప్పుకోలేదు.

ఎలా కడగాలి, ఎంతసేపు

చేతులకు మట్టి, రక్తం, మలం కంటికి కనిపిస్తుంటే సబ్బూ నీళ్లూ తప్ప మార్గం లేదు. కనిపించకపోతే శానిటైజర్ చాలు. వార్డులో నిజానికి అదే మేలు, ఎందుకంటే పని వేగంగా అవుతుంది, సింకు దాకా నడవాల్సిన అవసరం లేదు.

సబ్బుతో మొత్తం పనికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఉంగరాలు, గాజులు, వాచీ ముందు తీసేయండి, వాటి కింద చర్మానికి సబ్బు అందదు. చేతులు తడిపి సబ్బు రాసి అరచేతులు రుద్దండి. తర్వాత అరచేతి వెనుకభాగం, వేళ్ల సందులు. ఒక్కో బొటనవేలినీ రెండో చేత్తో పట్టి తిప్పుతూ రుద్దండి. చివరగా వేళ్లన్నీ దగ్గరకు చేర్చి, ఆ కొనలను ఎదుటి అరచేతిలో గుండ్రంగా రుద్దండి. సాధారణంగా తప్పిపోయేవి బొటనవేళ్లు, వేలి కొనలు. వస్తువులను ఎక్కువగా తాకేది కూడా వాటితోనే. గోళ్లు పొట్టిగా ఉంటేనే ఈ రుద్దడం వల్ల ఫలితం.

కడిగాక బాగా తుడుచుకోండి. తడి చేతులు పొడి చేతుల కన్నా సూక్ష్మజీవులను ఎక్కువగా ఇచ్చిపుచ్చుకుంటాయి. నలుగురూ వాడే తువ్వాలు వద్దు. కాగితపు తువ్వాలు ఉంటే దాంతో తుడుచుకుని, దాంతోనే కుళాయి కట్టేయండి. మురికి చేత్తో తిప్పిన కుళాయిని కడిగిన చేత్తో పట్టుకుంటే మొదటికొచ్చినట్టే.

శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 నుంచి 80 శాతం ఉండాలి. ఇంకా ఎక్కువ ఉంటే ఇంకా బాగా చంపుతుందనుకోవద్దు. సూక్ష్మజీవి ప్రొటీన్లను విరగ్గొట్టడానికి ఆల్కహాల్‌కు కొంత నీరు కావాలి. స్వచ్ఛమైన ఆల్కహాల్ ఆ పని అంత బాగా చేయదు. దోసెడు పొయ్యక్కర్లేదు గానీ అరచేతి గుంట నిండాలి. తడి ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు రుద్దండి. పది సెకన్లకే ఆరిపోయిందంటే తక్కువ తీసుకున్నారని అర్థం. ఆరకముందే గ్లోవ్స్ తొడిగితే చర్మం మండుతుంది, దద్దుర్లు వస్తాయి.

శానిటైజర్ సరిగా లొంగదీయలేనివి కొన్ని ఉన్నాయి, వాటిలో రెండు ముఖ్యం. యాంటీబయాటిక్స్ వాడాక విపరీతమైన విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుని బీజకణంగా మారుతుంది, ఆల్కహాల్ దాన్ని చంపలేదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద కూడా ఆల్కహాల్ ప్రభావం అంతంతమాత్రం. కాబట్టి విరేచనాలున్న మనిషి దగ్గర పని చేశాక సబ్బూ నీళ్లతోనే కడగండి. సబ్బు ఆ బీజకణాలను చంపదు, వాటిని చర్మం నుంచి ఊడదీసి నీళ్లతో పంపేస్తుంది. ఇక్కడ కావలసింది కూడా అదే.

గ్లోవ్స్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. తొడుక్కున్నవాళ్లకు ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతో అవే గ్లోవ్స్‌తో డైపర్ మార్చి, తలుపు తీసి, ఫోనెత్తి, మళ్లీ రోగి మొహం తుడుస్తారు. మురికి మీ చేతికి అంటలేదు సరే, గదంతా అంటింది. ఒక పనికి ఒక జత. తీసేశాక చేతులు శుభ్రం చేసుకోవాలి, ఎందుకంటే కంటికి కనపడని రంధ్రాలుండొచ్చు, తీసేటప్పుడు బయటి వైపు చర్మానికి తగలొచ్చు. గ్లోవ్స్ మీద శానిటైజర్ రాసి మళ్లీ వాడటం సరైన పద్ధతి కాదు.

గొట్టాల దగ్గర

వార్డులో మీరు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది వీటి మీద. మూత్రపు గొట్టం ఎన్ని రోజులు ఉంటే మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం అంతగా పెరుగుతూ పోతుంది. కాబట్టి రోజూ రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న: “ఈ గొట్టం ఇంకా అవసరమా, డాక్టరుగారూ?” ఇది డాక్టరు పనిలో తలదూర్చడం కాదు. పని పెరిగిన వార్డుల్లో అవసరం తీరిన గొట్టాలు కూడా ఎవరూ గుర్తు చేయక అలాగే ఉండిపోతుంటాయి.

గొట్టం ఉన్నన్నాళ్లూ యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలను మాత్రం తాకకూడదు. మంచం చట్రానికి తగిలించండి, రెయిలింగుకు వద్దు. రెయిలింగు ఎత్తితే బ్యాగు కూడా లేస్తుంది. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు బ్యాగును రోగి పొట్ట మీదో కాళ్ల మధ్యో పెట్టడం చాలా చోట్ల చూస్తాం. అలా పెడితే బ్యాగులో నిలవున్న మూత్రం వెనక్కి పారుతుంది. కదిపే ముందు బ్యాగు ఖాళీ చేయించండి, స్ట్రెచర్ పక్కన కిందికి వేలాడదీయమనండి. గొట్టం మెలిక పడకుండా, రోగి కాలి కింద నలగకుండా, తొడకు టేపుతో కట్టి ఉండాలి. లాగుడు పడితే లోపల పుండు పడుతుంది, పుండు పడితే ఇన్‌ఫెక్షన్‌కు దారి దొరికినట్టే.

బ్యాగు మూడింట రెండొంతులు నిండేలోపు ఖాళీ చేయాలి. ముందు చేతులు శుభ్రం చేసుకుని కొత్త గ్లోవ్స్ వేసుకోండి. ఈ రోగికి మాత్రమే కేటాయించిన పాత్ర పెట్టండి. బ్యాగు అడుగున ఉన్న కుళాయి పాత్ర అంచుకు తగలకుండా వంచండి. మూశాక కుళాయి కొనను తుడిచి, గ్లోవ్స్ తీసి, మళ్లీ చేతులు కడగండి. పక్క మంచం వాళ్ల పాత్ర అడిగి తెచ్చుకోవద్దు, మీది వాళ్లకు ఇవ్వొద్దు. గొట్టం, బ్యాగు కలిసే చోట ఊడదీయడం మీ పని కాదు. రోజుకోసారి స్నానం చేయించేటప్పుడు గొట్టం లోపలికి వెళ్లే చోట మామూలు సబ్బు నీళ్లతో కడిగి, గొట్టాన్ని ఒంటి వైపు నుంచి బయటి వైపుకు తుడిస్తే సరిపోతుంది. రోజూ డెటాల్‌లాంటి మందులు పూయాల్సిన పని లేదు, చర్మం ఒరుసుకుపోతుంది.

సెలైన్ సూది దగ్గర రోజుకు రెండు మూడుసార్లు చూడండి. ఎర్రబడటం, వాపు, నొప్పి, నరం వెంట తాడులా గట్టిపడటం, ప్లాస్టరు తడవడం, అంచులు లేవడం, ఇందులో ఏది కనిపించినా వెంటనే నర్సుకు చెప్పండి. రేపటిదాకా చూద్దామనుకోవద్దు. మందు ఎక్కించే ముందు నర్సు సిరంజి తగిలించే మూతిని ఆల్కహాల్ దూదితో కనీసం 15 సెకన్లు రుద్ది ఆరనివ్వాలి. ఊరికే ఒకసారి అద్ది మందు ఎక్కిస్తే మూతి మీదున్నదంతా రక్తంలోకి వెళ్తుంది. స్నానం చేయించేటప్పుడు ఆ చేతిని ప్లాస్టిక్ కవరుతో చుట్టండి.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు, ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునేవాళ్లకు డాక్టరు వద్దంటే తప్ప తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలి. పూర్తిగా పడుకోబెడితే కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నోరు శుభ్రంగా ఉంచడం కూడా న్యుమోనియాను ఆపే పనుల్లో ఒకటి. మాట్లాడలేని రోగికి పళ్లు తోమించడాన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు, పెట్టకూడదు.

నర్సు, డాక్టరు చేతులు శుభ్రం చేసుకోకుండా దగ్గరికి వస్తే అడగడానికి మొహమాటపడొద్దు. “సిస్టర్, ఒక్కసారి శానిటైజర్ రాసుకుంటారా?” అని మర్యాదగా అడిగితే చాలు. శానిటైజర్ సీసా మంచం కాళ్లవైపు అందరికీ కనిపించేలా ఉంటే సగంసార్లు అడగాల్సిన అవసరమే రాదు.

ఆపరేషన్‌కు ముందు, తర్వాత

ఆపరేషన్‌కు ముందు రాత్రి గానీ ఆ రోజు పొద్దున గానీ ఒళ్లంతా సబ్బుతో స్నానం చేయించండి. కోత పడే చోట ఇంట్లో రేజరుతో గొరగకండి. రేజరు చేసే సన్న గాట్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. వెంట్రుకలు తీయక తప్పకపోతే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి, పొగ తాగే అలవాటుంటే ఆపాలి. ఈ రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

మొదటి 48 గంటలు డ్రెస్సింగు తడిసిపోతే తప్ప విప్పకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం ఎత్తి చూపించడం అసలు వద్దు. ఇంటికొచ్చాక కుట్ల మీద పసుపు, పౌడరు, మిగిలిపోయిన పాత ఆయింట్‌మెంటు లాంటివేవీ వేయకండి.

గాలిలో వచ్చేవి

దగ్గు, తుమ్ము తుంపరలు ఎక్కువగా దగ్గర్లో ఉన్నవాళ్ల మీదే పడతాయి. అందుకే మంచానికీ మంచానికీ మధ్య కనీసం మీటరు దూరం ఉండాలంటారు. క్షయ, తట్టు, ఆటలమ్మ వేరు. వీటి సూక్ష్మజీవులు గాలిలో తేలుతూ ఉంటాయి. తట్టు ఉన్న మనిషి గది వదిలి వెళ్లాక కూడా ఆ వైరస్ రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. ఈ మూడింటిలో ఏదైనా అనుమానం ఉంటే దూరం చాలదు, గాలి మారాలి.

ఎదురెదురు కిటికీలు, లేదా కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. ఫ్యాను ఉంటే గాలి మీ వైపు నుంచి రోగి వైపుకు, అక్కడి నుంచి కిటికీ బయటికి వెళ్లేలా పెట్టి, మీరు ఫ్యాను వైపు కూర్చోండి. దగ్గుతున్న మనిషికి సర్జికల్ మాస్కు పెట్టాలి, అది తుంపరలను మొదట్లోనే ఆపుతుంది. క్షయ రోగి దగ్గర ఉండేవాళ్లకు ఎన్-95 కావాలి. దాని అంచులు మొహానికి పూర్తిగా ఆనాలి. తొడుక్కుని గట్టిగా ఊదితే పక్కల నుంచి గాలి వస్తోందంటే అది పని చేయడం లేదు. గడ్డం ఉంటే అంచు ఆనదు. మాస్కు ముందుభాగాన్ని ముట్టుకోకుండా తాళ్లు పట్టి తీసి, చేతులు శుభ్రం చేసుకోండి. గడ్డం కిందికి లాక్కున్న మాస్కు ఎవరినీ కాపాడదు.

ఆటలమ్మ ముందెప్పుడూ రాని, టీకా వేయించుకోని గర్భిణులు ఆ రోగి గదిలోకి వెళ్లకూడదు. జ్వరం, జలుబు ఉన్న బంధువులు పరామర్శకు రాకుండా ఫోనులోనే పలకరించమని చెప్పండి. చెప్పడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

క్లోరిన్ ద్రావణం కలపడం

ముందు మురికి పోవాలి, ఆ తర్వాతే క్లోరిన్. రక్తం, మలం, మట్టి ఉన్నచోట క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోయి సూక్ష్మజీవుల దాకా రాదు. నేల మీద పొడి చీపురు వాడొద్దు, దుమ్ముతోపాటు అన్నీ గాలిలోకి లేస్తాయి. తడి గుడ్డతో, శుభ్రమైన చోటి నుంచి మురికి చోటికి, పై నుంచి కిందికి తుడవండి. మరుగుదొడ్డి ఆఖరున. దానికి వాడిన గుడ్డ ఇంకెక్కడా వాడొద్దు.

క్లోరిన్ ద్రావణాన్ని బ్లీచ్‌తో కలుపుతారు. బ్లీచ్ సీసా మీద సోడియం హైపోక్లోరైట్ (అందులో పని చేసే క్లోరిన్ మందు) ఎంత శాతమో చూడండి. ఆ అంకెను మీకు కావలసిన శాతంతో భాగించి ఒకటి తీసేస్తే, ఒక వంతు బ్లీచ్‌కు ఎన్ని వంతుల నీళ్లో వస్తుంది. 5 శాతం బ్లీచ్ అయితే:

– రెయిలింగు, తలుపు పిడి, స్విచ్చులు, బల్లల వంటి వాటికి 0.1 శాతం: 20 మి.లీ. బ్లీచ్, 980 మి.లీ. నీళ్లు.
– రక్తం ఒలికిన చోట 0.5 శాతం: 100 మి.లీ. బ్లీచ్, 900 మి.లీ. నీళ్లు.
– వేడినీళ్లు లేనప్పుడు తెల్ల బట్టలు నానబెట్టడానికి 0.05 శాతం: 10 మి.లీ. బ్లీచ్, 990 మి.లీ. నీళ్లు, 30 నిమిషాలు.

చల్లటి నీళ్లతోనే కలపండి, కిటికీలు తీసి ఉంచండి, ఏ రోజుది ఆ రోజే వాడండి. నిలవుంచితే, ఎండ తగిలితే బలం తగ్గిపోతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ అంతే ప్రమాదం. ఉపరితలం పది నిమిషాలు తడిగా ఉండాలి. రాసిన వెంటనే పొడి గుడ్డతో తుడిచేస్తే రాయనట్టే. లోహం మీద అయితే పది నిమిషాల తర్వాత నీళ్లతో తుడవండి, లేకపోతే తుప్పు పడుతుంది.

రక్తం గానీ వాంతి గానీ పడితే ఇలా చేయండి. గ్లోవ్స్, మాస్కు వేసుకోండి. పాత గుడ్డ గానీ కాగితపు తువ్వాళ్లు గానీ కప్పి పీల్చుకోనివ్వండి. అంచుల నుంచి మధ్యకు ఎత్తి కవరులో వేసి ముడి వేయండి. సబ్బు నీళ్లతో తుడిచి, 0.5 శాతం ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచండి. మళ్లీ తుడిచి, గ్లోవ్స్ తీసి, సబ్బుతో చేతులు కడగండి. వాంతి తుంపరలు అనుకున్నదాని కన్నా దూరం పడతాయి కాబట్టి చుట్టూ కూడా తుడవండి.

ఇక మొబైల్. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఫోను కడగం. ఆఫ్ చేసి, 70 శాతం ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో రోజుకోసారి తుడవండి. తినిపించేటప్పుడూ గొట్టాల దగ్గర పని చేసేటప్పుడూ ముట్టుకోకండి.

ఇంటికి వచ్చాక

ఇంట్లో మంచాన ఉన్న మనిషికి విడిగా తువ్వాలు, దువ్వెన, రేజరు ఉండాలి. మాసిన దుప్పట్లు దులపకండి, ఒంటికి ఆనించుకుని మోయకండి. మలం ఉంటే ముందు తీసేసి, 60 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడినీళ్లలో సబ్బుతో ఉతికి పూర్తిగా ఆరనివ్వండి.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లుంటే వాడిన సూదికి మళ్లీ మూత పెట్టే ప్రయత్నం వద్దు. అప్పుడు సూది గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ. సూది దిగని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ముప్పాతిక నిండగానే మూసి, ఆసుపత్రిలో ఇవ్వండి. ఇతరులకు వాడిన సూది గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి. పిండొద్దు, నోటితో పీల్చొద్దు, బ్లీచ్ పోయొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు వీలైతే కొన్ని గంటల్లోనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలు కావాలి. హెపటైటిస్ బి అంతకన్నా తేలిగ్గా అంటుకుంటుంది, ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది కాబట్టి రోగిని దీర్ఘకాలం చూసుకునేవాళ్లు ముందే వేయించుకోవాలి.

వంటగదిలో పచ్చి మాంసానికీ వండిన తిండికీ కత్తి, పలక వేరుగా ఉంచండి. పచ్చి కోడిమాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపరలు సింకు చుట్టూ పడతాయి. మాంసం లోపలి భాగం 70 డిగ్రీలకు చేరేదాకా ఉడకాలి. వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకండి. తినేదాకా 60 డిగ్రీల పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లోనో ఉండాలి. నీళ్ల మీద అనుమానముంటే తెర్లడం మొదలయ్యాక నిమిషం పాటు మరగనివ్వండి. వాంతులు, విరేచనాలు వచ్చిన మనిషి అవి ఆగిన తర్వాత కూడా 48 గంటల దాకా వంట జోలికి పోకూడదు.

యాంటీబయాటిక్స్, డాక్టరుకు చెప్పాల్సినవి

జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వచ్చేవి, వాటి మీద యాంటీబయాటిక్ పని చేయదు. అనవసరంగా వేసుకుంటే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పోయి, మందులకు లొంగనివి మిగులుతాయి. పోయినసారి మిగిలిన మాత్రలు వేసుకోవడం, ఒకరివి ఒకరికి ఇవ్వడం మానండి. యాంటీబయాటిక్ వాడుతుండగా గానీ ఆపిన కొన్ని వారాల్లో గానీ రోజుకు మూడు అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలైతే, వాటిని ఆపే మాత్ర సొంతంగా వేయకుండా డాక్టరుకు చెప్పండి.

కుట్ల చుట్టూ ఎరుపు వ్యాపించడం, చీము, పెరుగుతున్న నొప్పి ఉంటే ఆ రోజే చూపించాలి. చలి వణుకుతో జ్వరం, మాటల్లో తికమక, వేగంగా ఊపిరి, బాగా తగ్గిన మూత్రం, చల్లబడి మచ్చలు తేలిన చర్మం ఇవి ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిందనడానికి గుర్తులు. అప్పుడు గంటలు కూడా లెక్కే, అత్యవసర విభాగానికి వెళ్లండి. వృద్ధుల్లో జ్వరం లేకుండా తికమక ఒక్కటే కనిపించవచ్చు. మూడు నెలల లోపు పాపకు 38 డిగ్రీల జ్వరం వస్తే ఇంకే గుర్తు కోసమూ ఆగకండి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: జ్వరం ఎంత, ఎప్పటి నుంచి, ఆపరేషన్ ఏ రోజు అయింది, ఏ గొట్టం ఎన్నాళ్ల నుంచి ఉంది, ఏ యాంటీబయాటిక్ చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారు, ఏ మందు పడదు. ఈ ఆరూ చేతిలో ఉంటే డాక్టరు రక్తపరీక్ష, మందు త్వరగా మొదలుపెట్టగలుగుతారు.